పిల్లల చేతికి త్రాసు ఇవ్వండి

చక్రీయ ఆర్థిక వ్యవస్థ అనే మాట కొన్నేళ్ళ క్రితం వరకు ఆర్థికవేత్తల గ్రంథాలకూ, ప్రభుత్వ నివేదికలకూ పరిమితమై ఉండేది. ఇప్పుడది పాఠశాలల గోడల మీదికి వచ్చింది. ఒక దేశపు విద్యార్థులు మరొక దేశపు విద్యార్థులతో కలిసి ఈ విషయాన్ని అభ్యసించే కార్యక్రమాలు కూడా పెరిగాయి. కంప్యూటరు తెర మీద రెండు తరగతులు కలుసుకుంటాయి. ఒకరు ఖాళీ సీసాతో చేసిన పెన్నుల గూడును చూపిస్తారు. మరొకరు పాత పత్రికలతో చేసిన బుట్టను చూపిస్తారు. భూమాతను కాపాడుదామని ఇరువురూ ప్రతిజ్ఞ చేస్తారు. తల్లిదండ్రులు సంతోషిస్తారు.

ఇందులో ఉపాధ్యాయుల శ్రమ ఉంది, పిల్లల ఉత్సాహం ఉంది. వాటిని తక్కువ చేయవలసిన పని లేదు. ఐతే ఒక ప్రశ్న మిగిలి ఉంటుంది. పెన్నుల గూడుగా మారిన ఆ సీసా ఆరు నెలల తరువాత ఎక్కడికి పోయింది? ఆ తరగతిలోని పిల్లల ఇళ్ళలో అదే వారంలో ఎన్ని సీసాలు వచ్చాయి, ఎన్ని బయటికి పోయాయి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని విద్యార్థి ఒక మంచి మాట నేర్చుకున్నాడు గాని విషయం నేర్చుకోలేదనే చెప్పాలి. ప్రవాసాంధ్ర కుటుంబాలు ఈ విషయమై ఆలోచించడానికి ప్రత్యేకమైన కారణాలున్నాయి.

మాట వెనుక ఉన్న భావం

తవ్వడం, తయారుచేయడం, వాడడం, పారవేయడం అనే వరుసలో నడిచేది సరళరేఖ వంటి ఆర్థిక వ్యవస్థ. ఆ రేఖ చివరి కొసను తెచ్చి మొదటి కొసకు కలపడం చక్రీయ వ్యవస్థ ఆశయం. వస్తువును ఎక్కువ కాలం వాడడం, బాగుచేసి వాడడం, అది పూర్తిగా పాడైనప్పుడు దానిలోని పదార్థాన్ని తిరిగి ముడిసరుకుగా మార్చడం ఇందులోని మెట్లు. భూమిని పరిమితమైన సరుకుతో ప్రయాణించే అంతరిక్ష నౌకతో పోలుస్తూ కెన్నెత్ బోల్డింగ్ అనే ఆర్థికవేత్త 1966లో రాసిన వ్యాసం ఈ ఆలోచనకు తొలి పునాదులలో ఒకటి. స్విట్జర్లాండుకు చెందిన వాల్టర్ స్టాహెల్ 1976లో ఐరోపా సంఘానికి సమర్పించిన నివేదికలో సహరచయిత్రితో కలిసి దీనిని మరింత స్పష్టంగా వివరించాడు. చైనా 2008లో ఈ పేరుతో ఒక చట్టమే చేసింది. ఐరోపా సమాఖ్య 2015లో కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది.

ఇంత ప్రచారం జరిగిన తరువాత ప్రపంచంలో చక్రం ఎంతవరకు తిరుగుతున్నది? ప్రపంచ ఆర్థిక వ్యవస్థ వాడుకునే మొత్తం పదార్థాలలో పునర్వినియోగం ద్వారా వచ్చిన భాగం 9.1 శాతమని 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ అంచనా తెలిపింది. అదే సంస్థ 2023 అంచనాలో ఆ భాగం 7.2 శాతానికి దిగింది. మాట వాడకం పెరిగింది. చక్రం మాత్రం కుంచించుకుపోయింది. ఈ విచిత్రమైన స్థితికి అనేక కారణాలున్నాయి. వాటిలో ఒకటి, లెక్క చూడకుండానే సంతృప్తి చెందే అలవాటు. ఆ అలవాటును పిల్లలకు పాఠశాలలోనే నేర్పడం మంచిది కాదు.

లవాయిజర్ నేర్పిన పాఠం

రసాయన శాస్త్ర చరిత్ర ఇక్కడ కొంత దారి చూపుతుంది. పద్ధెనిమిదవ శతాబ్దిలో ఫ్రెంచి శాస్త్రవేత్త లవాయిజర్ చేసిన గొప్ప పని కొత్త పదార్థాలను కనుగొనడం కన్న, పదార్థాలను మూసిన పాత్రలలో ఉంచి చర్యకు ముందూ తరువాతా జాగ్రత్తగా తూచడం. ఆయన 1789లో ప్రచురించిన గ్రంథం ద్రవ్య నిత్యత్వాన్ని రసాయన శాస్త్రానికి మూలసూత్రంగా నిలిపింది. లోపలికి పోయినదీ, బయటికి వచ్చినదీ సమానం కావాలి. సమానం కాకపోతే ఏదో వాయువు కంటికి కనపడకుండా తప్పించుకున్నదన్న మాట. అప్పుడు దానిని వెదకాలి.

ఒక ఇంటికీ, ఒక వీధికీ, ఒక ద్వీపానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. బజారు సంచిలో ఇంట్లోకి వచ్చిన ప్రతి గ్రామూ ఏదో ఒక దారిన బయటికి పోవాలి. లేదా ఇంట్లోనే ఉండాలి. కొంత ఆహారంగా శరీరంలోకి పోయి ఊపిరిగా, మురుగునీరుగా వెళుతుంది. మిగిలినది నల్ల సంచిలో కిందికి దిగుతుంది. పిల్లలు చక్రీయ ఆర్థిక వ్యవస్థను నేర్చుకోవడమంటే ఈ జమాఖర్చును రాయడం నేర్చుకోవడమే. ఇందుకు వంటింటి త్రాసు, ఒక నోటు పుస్తకం చాలు.

అంతర్జాతీయ సహకారానికి కూడా ఇక్కడే అసలైన అర్థం కనపడుతుంది. ఒకే ఊరిలో తూచిన లెక్క ఆ ఊరి అలవాటుగా కనిపిస్తుంది. రెండు ఊళ్ళలో ఒకే పద్ధతిలో తూచిన లెక్కలను పక్కపక్కన పెట్టినప్పుడు తేడా కనపడుతుంది; తేడా కనపడినప్పుడు ఎందుకనే ప్రశ్న పుడుతుంది. శాస్త్రం మొదలయ్యేది అక్కడే.

ఇది కొత్త ఊహ కాదు. 1988లో న్యూయార్క్ రాష్ట్రపు పాఠశాలలనూ, మాస్కో నగరపు పాఠశాలలనూ కలుపుతూ మొదలైన ప్రయత్నం తరువాతి కాలంలో అనేక దేశాలకు వ్యాపించింది. 1995లో ప్రారంభమైన గ్లోబ్ కార్యక్రమంలో వివిధ దేశాల విద్యార్థులు వర్షపాతాన్నీ, ఉష్ణోగ్రతనూ, నీటి ఆమ్లత్వాన్నీ ఒకే నియమావళి ప్రకారం కొలిచి, ఉమ్మడి పట్టికలో నమోదు చేస్తారు. బహ్రైన్, భారత్ రెండూ ఇందులో భాగస్వాములే. భారత ప్రభుత్వ విజ్ఞాన శాఖ ప్రోత్సాహంతో 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ కూడా ఈ కోవకు చెందినదే. పది నుంచి పదిహేడేళ్ళ వయసు పిల్లలు తమ ఊరి సమస్య ఒకదానిని ఎన్నుకొని, స్వయంగా వివరాలు సేకరించి, తమ భాషలోనే నివేదిక రాయవచ్చు. 2018-19 సంవత్సరాల ప్రధానాంశం పరిశుభ్రమైన, హరితమైన, ఆరోగ్యవంతమైన దేశానికి శాస్త్ర సాంకేతికతలు. 2025 జనవరిలో భోపాల్‌లో జరిగిన 31వ సమావేశానికి గల్ఫ్ దేశాల భారతీయ విద్యార్థులు కూడా హాజరయ్యారు. బహ్రైన్ తెలుగు పిల్లలకు దారి ఇదివరకే ఉన్నది. ఆ దారిలో పోస్టరుకు బదులు కొలతను తీసుకువెళ్ళడమే కావలసినది.

పుట్టిన చోటనే పూడ్చిపెట్టడం

కొలత ఏమి నేర్పుతుందో తెలియడానికి జుఫైర్‌లో ప్రతి ఇంటా కనపడే ఒక వస్తువును తీసుకోవచ్చు. అది శీతల పానీయపు టిన్ను. వాడుకలో టిన్ను అంటారు గాని అందులో తగరం లేదు, అది అల్యూమినియం. ఖాళీ టిన్ను బరువు సుమారు 13 గ్రాములు.

ఈ లోహపు జన్మవృత్తాంతం బాక్సైట్ ఖనిజంతో మొదలవుతుంది. స్థూలంగా నాలుగు టన్నుల బాక్సైట్ నుంచి రెండు టన్నుల అల్యూమినా, దాని నుంచి ఒక టన్ను అల్యూమినియం వస్తాయి. ప్రతి టన్ను అల్యూమినాకు టన్ను నుంచి టన్నున్నర వరకు క్షారంతో కూడిన ఎర్రటి బురద మిగులుతుంది. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ విడివిడిగా కనుగొన్న పద్ధతిలోనే నేటికీ అల్యూమినాను కరిగిన ఫ్లోరైడు లవణంలో కలిపి విద్యుత్తును ప్రసరింపజేస్తారు. కార్బన్ ధనధ్రువాలు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడుగా వెళ్ళిపోతాయి. లోహం అడుగున చేరుతుంది. కిలో లోహానికి సుమారు 14 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. వాడిన లోహాన్ని తిరిగి కరిగించడానికి మాత్రం కొత్త లోహానికి కావలసిన శక్తిలో 5 శాతం దాకా సరిపోతుంది.

లెక్క వేద్దాం. ఒక కుటుంబం రోజుకు మూడు టిన్నులు వాడితే ఏడాదికి 1,095 టిన్నులు, అనగా సుమారు 14 కిలోల లోహం. దానిని ఖనిజం నుంచి తయారుచేయడానికి దాదాపు 200 యూనిట్లు, తిరిగి కరిగించడానికి 10 యూనిట్లు పడతాయి. ఒక్క టిన్నును పారవేయడమంటే తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపాన్ని దాదాపు 19 గంటల పాటు వృథాగా వెలిగించినట్లు. ఏడవ తరగతి విద్యార్థి చేయగల గుణకారం ఇది.

ఇప్పుడు భూగోళ పటం చూడాలి. బహ్రైన్ అల్యూమినియం కర్మాగారం 1971లో ఉత్పత్తి ప్రారంభించింది. 1932లో గల్ఫ్ అరబ్బు తీరాన తొలిసారిగా చమురు దొరికిన ఈ దేశం, చమురు మీదనే ఆధారపడకుండా ఉండడానికి వేసిన తొలి అడుగులలో అదొకటి. నేడు ఏడాదికి 15 లక్షల టన్నులకు మించి లోహాన్ని ఉత్పత్తి చేస్తూ ప్రపంచంలోని అతి పెద్ద కర్మాగారాల వరుసలో నిలిచింది. అది ద్వీపపు తూర్పు తీరాన అస్కర్ ప్రాంతంలో ఉన్నది. బహ్రైన్ ఇళ్ళలోని చెత్తను పూడ్చే ప్రధాన స్థలం పేరు కూడా అస్కరే. జుఫైర్ ఇంటి నల్ల సంచిలో పడిన టిన్ను, లోహం పుట్టే కొలుముల పరిసరాలకే చేరి, అక్కడ మట్టిలో పూడిపోతున్నదన్న మాట. ఈ సంగతిని ఏ పోస్టరూ చెప్పదు. సంచిని అనుసరించి చివరిదాకా వెళ్ళిన విద్యార్థికి మాత్రమే తెలుస్తుంది.

తెలుగు పిల్లలకు ఈ లోహంతో మరొక బంధం ఉంది. బాక్సైట్ నిక్షేపాలున్న అరకు, చింతపల్లి కొండలు ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమలలో ఉన్నాయి. అక్కడి గిరిజనులు తవ్వకాలను దశాబ్దాలుగా వ్యతిరేకిస్తున్నారు. షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వడంపై సుప్రీంకోర్టు 1997లో సమత సంస్థ వేసిన వ్యాజ్యంలో చరిత్రాత్మకమైన తీర్పు చెప్పింది. అక్కడి ఖనిజమే ఇక్కడి టిన్నుగా మారిందని ఎవరూ అనడం లేదు. ఐతే ప్రపంచంలో ఎక్కడో ఒక టిన్ను మట్టిలో పూడితే, మరెక్కడో ఒక కొండను అంతమేరకు అదనంగా తవ్వవలసి వస్తుంది. జుఫైర్‌లోని విద్యార్థీ, పాడేరులోని విద్యార్థీ ఒకే పట్టికలో రాసుకోదగిన విషయమిది.

అన్ని చక్రాలూ ఒకటి కావు

కొలత చేసే మరొక మేలు, అతిశయోక్తుల నుంచి కాపాడడం. అల్యూమినియాన్ని ఎన్నిసార్లైనా కరిగించవచ్చని తరచు చదువుతాము. చాలావరకు నిజమే. కాని టిన్ను శరీరానికీ, మూతకూ వాడే మిశ్రమలోహాలు వేరు. మూతలో మెగ్నీషియం ఎక్కువ. రెంటినీ కలిపి కరిగించినప్పుడు పాళ్ళు సరిచేయడానికి కొంత కొత్త లోహం కలపవలసి వస్తుంది. కరిగే సమయంలో కొంత లోహం ఆక్సైడుగా మారి తెట్టుగా పోతుంది. శ్రేష్ఠమైన చక్రానికి కూడా చిన్న చిల్లు ఉంటుంది.

మంచినీళ్ళ సీసా సంగతి ఇంకా భిన్నం. దానిని పెట్ అనే పాలిమర్‌తో చేస్తారు. పొడవైన అణువులు గొలుసు లింకుల మాదిరిగా ఎస్టర్ బంధాలతో కలిసి ఉంటాయి. సీసాలను ముక్కలు చేసి కరిగించేటప్పుడు, ఏమాత్రం తడి ఉన్నా, ఆ వేడికి నీరు ఈ బంధాలను తెంచుతుంది. గొలుసులు పొట్టివవుతాయి; బలం తగ్గుతుంది. అందువల్ల పాత సీసాలలో పెద్ద భాగం తిరిగి సీసాలు కాకుండా పాలియెస్టర్ నూలుగా మారుతుంది. ఆ నూలుతో నేసిన వస్త్రం చిరిగిన తరువాత మళ్ళీ సీసాగా మారడం చాలా అరుదు. రసాయన చర్యలతో గొలుసులను మొదటి అణువులుగా విడగొట్టే పద్ధతులున్నాయి గాని వాటికి శక్తీ, ధనమూ కావాలి. 2015 వరకు ప్రపంచం సృష్టించిన మొత్తం ప్లాస్టిక్ వ్యర్థాలలో సుమారు 9 శాతం మాత్రమే పునర్వినియోగం పొందిందని 2017లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధన అంచనా వేసింది. సీసా మీద ముద్రించిన మూడు బాణాల గుర్తును చూసి తృప్తిపడడానికీ, ఈ అంకెను తెలుసుకొని సీసా కొనడానికి ముందే ఆలోచించడానికీ ఎంతో తేడా ఉంది.

వంటింటి వ్యర్థాల విషయంలో రెండు ప్రదేశాల మధ్య తేడా మరింత స్పష్టం. కోస్తా జిల్లాల పల్లెలో బియ్యం కడిగిన నీరు, కూరగాయల తొక్కులు, మిగిలిన అన్నం కుడితి తొట్టిలోకి పోతాయి. అక్కడి నుంచి గేదె ద్వారా పాలుగానూ, పేడగానూ తిరిగి వస్తాయి. జుఫైర్‌లో అవే పదార్థాలు సంచిలో బిగించి కట్టబడి, పూడ్చివేత స్థలంలో గాలి అందక కుళ్ళి మీథేన్‌గా మారుతాయి. నూరేళ్ళ కాలానికి లెక్కిస్తే మీథేన్ ఉష్ణప్రభావం కార్బన్ డయాక్సైడు కన్న సుమారు 28 రెట్లు. పైగా బహ్రైన్ తన ఆహారంలో అత్యధిక భాగాన్ని దిగుమతి చేసుకుంటుంది. ఓడలోనో, విమానంలోనో వచ్చిన బెండకాయ సగం చెత్తబుట్టలోకి పోవడం మామూలు నష్టం కాదు.

చక్కగా తిరిగే చక్రం కూడా ఇక్కడ లేకపోలేదు. ఈ ద్వీపంలో కుళాయి నీటిలో అధిక భాగం సముద్రపు నీటి నుంచి శక్తిని ఖర్చుపెట్టి తీసిన నీరు. వాడిన తరువాత తూబ్లీ వంటి శుద్ధి కేంద్రాలకు చేరి, శుభ్రపడి, రహదారుల పక్క పచ్చదనానికీ, కొన్ని వ్యవసాయ క్షేత్రాలకూ తిరిగి ఉపయోగపడుతున్నది. పిల్లలు తప్పొప్పులను రెంటినీ నమోదు చేయాలి.

పాత రోజుల జ్ఞాపకంలో ఒక ప్రమాదం

ఈ విషయం ప్రస్తావించగానే ఇంట్లోని పెద్దలు, ఇదంతా మన పూర్వులకు తెలిసినదేనని అంటారు. పాత చీరలతో బొంతలు కుట్టేవారు. చినిగిన బట్టలకు స్టీలు గిన్నెలు వచ్చేవి. పాత పేపర్లూ, ఇనప సామానూ కొనేవాడు వారానికొకసారి వీధిలోకి వచ్చేవాడు. అంట్లకు బూడిద, అలకడానికి పేడ. కోనసీమలో కొబ్బరిచెట్టులో ఏ భాగమూ వృథా పోయేది కాదు. బహ్రైన్ వృద్ధులు ఖర్జూరపు చెట్టు గురించి ఇదే చెబుతారు. మట్టలతో ఇళ్ళు, పీచుతో తాళ్ళు, ఆకులతో బుట్టలు. కర్బాబాద్ గ్రామపు ఆకు బుట్టల అల్లకం నేటికీ ప్రసిద్ధం.

ఇవన్నీ నిజమే, పిల్లలకు తప్పక చెప్పాలి. ఐతే ఆ చక్రాన్ని ఎవరి చేతులు తిప్పాయో కూడా చెప్పాలి. ఆ శ్రమలో పెద్ద భాగం పేదవారిది, స్త్రీలది, ఊరి చివర ఉంచబడిన కులాలది. దానికి దక్కిన ప్రతిఫలం స్వల్పం, గౌరవం ఇంకా స్వల్పం. నేడు హైదరాబాదు వీధులలో సీసాలు ఏరేవారిని చూసినా, మనామాలో చెత్త డబ్బాల నుంచి అట్టలూ, టిన్నులూ వేరుచేసి సైకిలు మీద తీసుకుపోయే వలస కార్మికులను చూసినా, చక్రం ఇప్పటికీ ఎవరి భుజాల మీద తిరుగుతున్నదో తెలుస్తుంది. పిల్లల పట్టికలో గ్రాముల గడి పక్కన మరొక గడి ఉండాలి: ఈ పదార్థాన్ని ఎవరు వేరుచేశారు, వారికేమి దక్కింది. దానిని నింపడం కష్టం. ఐనా అడగడం అవసరం.

వ్యవస్థ సరిగా ఉంటే ఈ పనిని గౌరవంగా చేయించవచ్చనడానికి తెలుగు నేలలోనే ఉదాహరణ ఉంది. 2000వ దశకపు తొలి సంవత్సరాలలో, అప్పటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట పురపాలక సంఘం ఇంటింటా తడి చెత్తనూ, పొడి చెత్తనూ విడిగా సేకరించి, తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చి, పొడి చెత్తను అమ్మి, దేశం దృష్టిని ఆకర్షించింది. అందులో అద్భుతమైన యంత్రమేదీ లేదు. ఇంట్లోనే వేరుచేయడం, క్రమం తప్పకుండా సేకరించడం, లెక్క రాయడం మాత్రమే ఉన్నాయి.

ఒక ప్రతిపాదన

తెలుగు సంఘం ఈ పనిని పెద్ద ఖర్చు లేకుండా ప్రారంభించవచ్చు. జుఫైర్‌లో పది కుటుంబాల పిల్లలు. తెలుగు రాష్ట్రాలలో ఒక పట్టణం నుంచీ, ఒక పల్లె నుంచీ పదేసి కుటుంబాల పిల్లలు. వీరితో పాటు బహ్రైనీ కుటుంబాల పిల్లలు. అంతర్జాతీయ సహకారమనగానే సముద్రాల అవతలికి చూడడం అలవాటైంది. జుఫైర్‌లో ఎదురింటి తలుపు తట్టినా అది అంతర్జాతీయ సహకారమే. చాలా కుటుంబాలు పదేళ్ళు ఇక్కడ నివసించి కూడా ఆ తలుపు తట్టకుండానే తిరిగి వెళ్ళిపోతున్నాయి.

పద్ధతి సులువుగా ఉండాలి, అందరికీ ఒకటే కావాలి. రెండు వారాల పాటు ప్రతి రాత్రి ఇంటి వ్యర్థాలను ఐదు భాగాలుగా వేరుచేయాలి: ఆహారం, కాగితం, ప్లాస్టిక్, లోహం, ఇతరములు. సీసాలూ, టిన్నులూ కడిగి ఆరబెట్టిన తరువాతనే తూచాలి. లేకపోతే నీటి బరువు లెక్కను చెడగొడుతుంది. మొత్తాన్ని ఇంట్లోని మనుషుల సంఖ్యతోనూ, రోజులతోనూ భాగించి, తలకు రోజుకు ఎన్ని గ్రాములో రాయాలి. తరువాత ఒక్కొక్క భాగం ఎక్కడికి పోతున్నదో వాచ్‌మన్‌నూ, దుకాణదారునూ, పురపాలక సిబ్బందినీ అడిగి తెలుసుకోవాలి. జవాబు దొరకని చోట ‘తెలియదు’ అని రాయాలి. లవాయిజర్ పాత్రలో కనపడకుండా తప్పించుకున్న వాయువు వంటిదే ఆ ‘తెలియదు’. అన్ని పట్టికలలోనూ అన్నిటికన్న విలువైన గడి అదే కావచ్చు.

చివరకు నాలుగు బృందాలూ కలిసి తేడాలకు కారణాలు వెదకాలి. పల్లెలో ఆహార వ్యర్థం తక్కువగా ఉంటే అది పొదుపు వల్లనా, గేదె వల్లనా, పేదరికం వల్లనా? జుఫైర్‌లో ప్లాస్టిక్ ఎక్కువగా ఉంటే అది అలవాటా, తాగునీటి మీద అపనమ్మకమా? ఈ చర్చ తెలుగులోనే జరిగితే మరొక ప్రయోజనం చేకూరుతుంది. పండుగ పాటలకే పరిమితమవుతున్న భాషలో తూకం, శాతం, సగటు, కారణం వంటి మాటలు పిల్లల నోట పలుకుతాయి. బహ్రైనీ మిత్రుల కోసం ఫలితాలను ఆంగ్లంలోనూ, అరబ్బీలోనూ రాయవలసి రావడం మరీ మంచిది.

కొన్ని అభ్యంతరాలు

పరీక్షల ఒత్తిడిలో పిల్లలకు ఇంకొక భారమెందుకని కొందరు అడుగుతారు. రోజుకు పది నిమిషాల తూకం, రెండు వారాల పని. సగటు, నిష్పత్తి, శాతం, ద్రవ్య నిత్యత్వం అనే పాఠాలు ఎలాగూ చదవవలసినవే. ఇక్కడ అవి వంటింట్లో కంటికి కనపడతాయి.

ఇళ్ళ చెత్త ఎంత, పరిశ్రమల వ్యర్థాలెంత అనేది ఇంకొక ప్రశ్న. ఇది గట్టి ప్రశ్న. గనుల బురద, నిర్మాణాల శిథిలాల ముందు పది ఇళ్ళ సంచులు లెక్కలోకి రావు. పది కుటుంబాల పిల్లలు వాతావరణాన్ని రక్షిస్తారని చెప్పడం వారిని మోసగించడమే అవుతుంది. పెద్దల బాధ్యతను వారి నెత్తిన పెట్టడం కూడా అవుతుంది. ఈ పని ఉద్దేశం టన్నులు తగ్గించడం కాదు. రేపు ఈ పిల్లలలో కొందరు ఇంజనీర్లుగా, లెక్కల అధికారులుగా, వ్యాపారులుగా కర్మాగారాలలోనూ, ప్రభుత్వాలలోనూ కూర్చుంటారు. బహ్రైన్ 2060 నాటికి, భారత్ 2070 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తెస్తామని 2021లో ప్రకటించాయి. ఆ మాట నిలబడిందో లేదో లెక్క చూడవలసినది వారే. తన ఇంటి సంచిని తూచి చూసిన వ్యక్తి, ఇతరుల నివేదికలోని అందమైన మాటలకు అంత సులభంగా లొంగిపోడు.

అన్నిటికన్న లోతైన అభ్యంతరాన్ని ఎవరూ పైకి చెప్పరు. ఈ దేశంలో ఉండేది నాలుగేళ్ళో, ఎనిమిదేళ్ళో. ఉద్యోగం ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. ఇక్కడి చెత్త గురించి ఇంత ఆలోచన ఎందుకు? ప్రవాస జీవితపు అనిశ్చితి నిజమైనది. దానిని తేలికగా కొట్టివేయరాదు. తాత్కాలికంగా ఉండేవారు తాత్కాలికమైన వస్తువులే కొంటారు. కుటుంబం తిరుగు ప్రయాణమైనప్పుడు మంచమూ, బల్లా, పిల్లవాడి సైకిలూ అమ్మడానికి వ్యవధి లేక చెత్త డబ్బా పక్కన చేరడం ఏ ప్రవాస వీధిలోనైనా కనపడే దృశ్యమే. పిల్లలు దానిని చూస్తారు. మాటలతో ఎవరూ చెప్పకపోయినా, నివసించే చోటుకు జవాబు చెప్పనక్కరలేదనే పాఠాన్ని వారు దాని నుంచి నేర్చుకుంటారు. తరువాత వారు వెళ్ళే ప్రతి దేశానికీ, చివరకు హైదరాబాదుకూ, విశాఖకూ కూడా ఆ పాఠాన్నే వెంట తీసుకువెళతారు.

దీనిని సరిచేయడం తల్లిదండ్రుల చేతిలో ఉంది. తిరిగి వెళ్ళే కుటుంబాల సామానును కొత్తగా వచ్చే కుటుంబాలకు అందించే ఏర్పాటును సంఘం తన బాధ్యతలలో ఒకటిగా చేర్చుకోవచ్చు. పిల్లల కొలతల పట్టికకు వచ్చే సంవత్సరపు సంచికలో ఒక పుట కేటాయించవచ్చు. అందులో విజయాలతో పాటు కుదరని లెక్కలనూ, నింపలేని గడులనూ ఉన్నవి ఉన్నట్లుగా ముద్రించాలి. ఆ పుటను చూసి మరుసటి ఏడు మరొక పది కుటుంబాలు త్రాసు బయటికి తీస్తే, ఈ పాఠం సక్రమంగా మొదలైనట్లే.